భాగం 14: శాస్త్ర కల్పనా కథలో చిన్న నౌక – ఒక విమర్శనాత్మక పరిశీలన

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• శాస్త్ర కల్పనా కథలలో 'షటిల్' అనే చిన్న నౌక చేసే పనిని వివరించగలరు.
• పుష్పక విమానానికీ, చిన్న నౌకకూ కథా నిర్మాణంలో ఉన్న తేడాను గుర్తించగలరు.
• కథలో కనిపించే 'కొరత' సహజమైనదా, ఎవరైనా ఏర్పరచినదా అని ప్రశ్నించగలరు.
• మీరు చదివిన కథకూ, చూసిన సినిమాకూ ఈ ప్రశ్నలను అన్వయించగలరు.

14.1 విషయ పరిచయం

పుట్టపర్తికి రైలులో వచ్చినవారికి ఒక అనుభవం ఉంటుంది. దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్ శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషనులో కాసేపు ఆగి వెళ్లిపోతుంది. ఊరు అక్కడికి దాదాపు ఎనిమిది కిలోమీటర్లు. వందల కిలోమీటర్లు మోసుకొచ్చిన రైలు ఈ చివరి ఎనిమిది కిలోమీటర్లకు పనికిరాదు. ఆ పని ఆటోది. ఆటోలో ఎంతమంది పడతారు, సామాను ఎక్కడ పెట్టాలి, చివరగా వచ్చిన మనిషిని ఎక్కించుకోవాలా వద్దా అన్న ప్రశ్నలు రైలులో రావు, ఆటో దగ్గరే వస్తాయి.

శాస్త్ర కల్పనా సాహిత్యంలో పెద్ద అంతరిక్ష నౌక రైలు వంటిది. దాని కడుపులోంచి బయలుదేరి, దగ్గరి గ్రహం మీద దిగి, పని చూసుకొని తిరిగి వచ్చే చిన్న నౌక ఆటో వంటిది. విమర్శకులు సాధారణంగా పెద్ద నౌక గురించి రాస్తారు. అయితే మనుషుల స్వభావం, వారి మధ్య న్యాయం, అన్యాయం ఎక్కువగా బయటపడేది చిన్న నౌకలోనే. ఈ భాగంలో మనం ఆ చిన్న నౌకను పరిశీలిద్దాం.

14.2 నాడె – షటిల్: పదం, నిర్వచనం

'షటిల్' అన్న మాట మొదట మగ్గానికి చెందినది. తెలుగులో దానిని 'నాడె' అంటాం. పుట్టపర్తికి దగ్గరలోని ధర్మవరంలో పట్టుచీర నేసే మగ్గం దగ్గర కాసేపు నిలబడితే ఈ పదం స్వరూపం అర్థమవుతుంది. నాడె ఒక అంచు నుంచి మరో అంచుకు పోతుంది, మళ్లీ వస్తుంది. పోయి రాకపోతే అది నాడె కాదు. దానిలోని కండెకు ఎంత నూలు చుట్టి ఉందో అంతవరకే దాని పని. నూలు అయిపోతే కండె మార్చాలి.

దీని నుంచి మనకు మూడు లక్షణాలు దొరుకుతాయి.
(1) తిరుగు ప్రయాణం: చిన్న నౌక వెళ్లడానికి మాత్రమే కాక, తిరిగి రావడానికి కూడా ఉంది.
(2) పరిమితి: దాని ఇంధనం, గాలి, సీట్లు లెక్కపెట్టి ఇచ్చినవి.
(3) ఆధారం: అది మరొకదానికి, అంటే మాతృనౌకకో, స్థావరానికో కట్టుబడి ఉంటుంది.

ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెగినా కథ పుడుతుంది. తిరిగి రాలేకపోవడం, ఇంధనం చాలకపోవడం, మాతృనౌక వెళ్లిపోవడం అనే మూడు ఆపదల చుట్టూనే చిన్న నౌకల కథలు చాలావరకు నడుస్తాయి.

14.3 మన కథలలో గగన వాహనం

గగన వాహనం మన సాహిత్యానికి కొత్త కాదు. రామాయణంలోని పుష్పకం మొదట కుబేరునిది, రావణుడు దానిని లాక్కున్నాడు. యుద్ధం తరువాత సీతారామలక్ష్మణులతో పాటు విభీషణుడు, సుగ్రీవుడు, వానరులు అందరూ అందులోనే అయోధ్యకు బయలుదేరుతారు. దారిలో కిష్కింధ వద్ద సీత కోరిక మీద తార మొదలైన వానర స్త్రీలు కూడా ఎక్కుతారు. ఎంతమంది ఎక్కినా పుష్పకంలో ఇంకొకరికి చోటు ఉంటుందని మన పెద్దలు చెప్పే మాట మీరు వినే ఉంటారు. పుష్పకానికి బరువు లెక్క లేదు, దూరం లెక్క లేదు. చోటు చాలదన్న కారణంతో అది ఎవరినీ వదిలిపెట్టదు.

అదే రామాయణంలో మరొక గగన వాహనం ఉంది. మనం దానిని అంతగా పట్టించుకోం. సీతను అపహరించడానికి రావణుడు వచ్చినది పుష్పకంలో కాదు, కంచర గాడిదలు పూన్చిన రథంలో. జటాయువు దానిని విరగ్గొడతాడు, గాడిదలనూ సారథినీ చంపుతాడు. వాహనం పోయిన రావణుడు సీతను పట్టుకొని తానే ఆకాశంలోకి ఎగరవలసి వస్తుంది. జటాయువు పడిన చోటే లేపాక్షి అని, 'లే పక్షీ' అన్న పిలుపే ఊరిపేరు అయిందని స్థానిక కథనం. ఆ లేపాక్షి మీ జిల్లాలోనే ఉంది.

ఈ రెండు వాహనాలను పక్కపక్కన పెట్టి చూడండి. పుష్పకం విరగదు, కనుక అందులో ప్రయాణం ఒక దర్శనంగా సాగుతుంది. రాముడు సీతకు కింద కనిపించే చోట్లను చూపుతూ జరిగిన కథను చెబుతాడు. రథం విరుగుతుంది, కనుక అక్కడ ఘర్షణ పుట్టింది. ఒక ముసలి పక్షి త్యాగం మనకు గుర్తుండిపోవడానికి ఆ వాహనం ఓడిపోగలిగినది కావడం కూడా ఒక కారణం. శాస్త్ర కల్పనలోని చిన్న నౌకకు అసలైన పూర్వరూపం పుష్పకం కాదు, ఈ రథమే అని చెప్పవచ్చు.

గమనించండి: భారత అంతరిక్ష పరిశోధన సంస్థ తిరిగి వాడుకోదగిన వాహనానికి 'పుష్పక్' అని పేరు పెట్టింది. దీని తొలి నమూనా 6.5 మీటర్ల పొడవున, సుమారు 1.75 టన్నుల బరువుతో ఉండేది. అది 2016 మే 23న శ్రీహరికోట నుంచి ఎగిరింది. అనంతపురం పీఠభూమికి ఆనుకొని ఉన్న చిత్రదుర్గ ప్రాంతంలో 2023, 2024 సంవత్సరాలలో మూడుసార్లు దిగే పరీక్షలు జరిగాయి. హెలికాప్టర్ దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తు నుంచి వాహనాన్ని విడిచిపెట్టగా, అది మనిషి లేకుండా తనంతట తాను రన్‌వే మీద దిగింది. పేరు పుష్పకానిది, పని నాడెది. ఎగరడంతో పాటు సరిగా తిరిగి వచ్చి దిగడమే ఇక్కడ పరీక్ష.

14.4 'గెలీలియో' – బరువు లెక్క

అమెరికన్ టెలివిజన్ ధారావాహిక 'స్టార్ ట్రెక్' 1966 సెప్టెంబరులో మొదలైంది. చిన్న నౌక అనగానే చాలామందికి గుర్తుకు వచ్చేది అందులోని 'గెలీలియో'. దీని పుట్టుకలో విమర్శకుడు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ప్రతివారం పెద్ద నౌకను ఒక గ్రహం మీద దింపి చూపడం ఖర్చుతో కూడిన పని. అందుకని మనుషులను కిరణాలుగా మార్చి పంపే 'ట్రాన్స్‌పోర్టర్' అనే ఉపాయం కల్పించారు. చిన్న నౌక నమూనా తొలి భాగాలకు సిద్ధం కాలేదు. ఆ కాలంలో ప్రసారమైన 'ది ఎనిమీ వితిన్' అనే భాగంలో ట్రాన్స్‌పోర్టర్ చెడిపోయి కొందరు గ్రహం మీద చలికి గడ్డకట్టుకుపోతుంటారు. చిన్న నౌకను పంపి తెచ్చుకోవచ్చు కదా అన్న సందేహం నేటి ప్రేక్షకుడికి తప్పక వస్తుంది. కథలో దానికి జవాబు లేదు. అప్పటికి ఆ నౌకను ఇంకా తయారు చేయలేదన్న జవాబు నిర్మాణ చరిత్రలో దొరుకుతుంది. ఆ తరువాత బొమ్మల కిట్లు అమ్మే ఒక సంస్థ, నమూనా అమ్ముకునే హక్కుకు బదులుగా గెలీలియో తయారీ ఖర్చు భరించింది. కథలో కనిపించే కొరత వెనుక కథ బయటి కారణాలు ఉండవచ్చునని దీనివల్ల తెలుస్తుంది.

1967 జనవరి 5న ప్రసారమైన 'ది గెలీలియో సెవెన్' భాగాన్ని తీసుకుందాం. ఏడుగురు సభ్యులతో గెలీలియో ఒక గ్రహం మీద కూలిపోతుంది. ఇంధనం చాలావరకు కారిపోతుంది. పైకి ఎగరాలంటే బరువు తగ్గాలి. ఆ తగ్గవలసిన బరువు దాదాపు ముగ్గురు మనుషుల బరువు. నాయకుడైన స్పాక్ భావోద్వేగాలకు లొంగక తర్కాన్నే నమ్మేవాడు. అవసరమైతే ఎవరు ఆగిపోవాలో తానే నిర్ణయిస్తానంటాడు. మిగిలినవారికి అది కఠినంగా తోస్తుంది. చివరకు ఇద్దరు ఆ గ్రహవాసుల చేతిలో చనిపోతారు. ఆయుధాలలోని శక్తిని ఇంధనంగా మార్చి అయిదుగురు కక్ష్యలోకి చేరుతారు. అయితే అక్కడ ఎక్కువసేపు నిలవలేరు, మాతృనౌకకు వారి జాడ తెలియదు. అప్పుడు స్పాక్ మిగిలిన ఇంధనాన్ని బయటకు వదిలి మండిస్తాడు. ఆ మంట చూసి మాతృనౌక వారిని రక్షిస్తుంది.

ఈ కథలో బలం ఎక్కడ ఉంది? లెక్కను రచన దాచిపెట్టలేదు. ఇంత బరువు, ఇంత ఇంధనం, ఇంత సమయం అని మన ముందు పెట్టింది. రెండవది, నిర్ణయానికి బాధ్యుడు ఎవరో చెప్పింది. స్పాక్ 'పరిస్థితి అలా వచ్చింది' అని తప్పుకోడు. బలహీనత కూడా ఉంది. ముగ్గురిని వదలాలన్న ప్రశ్నను పాత్రలు తేల్చకముందే రచయితలు ఇద్దరిని చంపించి, ఆ ప్రశ్న పదును తగ్గించారు. దాడి చేసే గ్రహవాసులకు మాట, ఆలోచన ఉన్నట్టు చూపకపోవడం కూడా లోపమే.

14.5 'ది కోల్డ్ ఈక్వేషన్స్' – లెక్క ఎవరు రాశారు?

చిన్న నౌక కథలలో ఎక్కువ వాదం రేపినది టామ్ గాడ్విన్ రాసిన 'ది కోల్డ్ ఈక్వేషన్స్'. ఇది 1954 ఆగస్టులో 'అస్టౌండింగ్' పత్రికలో వచ్చింది. దూరపు గ్రహం మీద ఆరుగురికి జ్వరం. వారికి మందు చేర్చడానికి ఒక అత్యవసర చిన్న నౌక బయలుదేరుతుంది. పైలట్ ఒక్కడి బరువుకే ఇంధనం ఇచ్చారు. అదే గ్రహం మీద ఉన్న అన్నను చూడాలని పద్దెనిమిదేళ్ల అమ్మాయి ఒకతె రహస్యంగా ఎక్కింది. జరిమానా వేస్తారని మాత్రమే ఆమె అనుకుంది. ఆమె ఉంటే నౌక కూలుతుంది, ఆరుగురూ చస్తారు. నియమం ప్రకారం ఆమెను బయటకు నెట్టాలి. పైలట్ మంచివాడే. ఎంత ప్రయత్నించినా దారి దొరకదు. ఆమె రేడియోలో అన్నతో మాట్లాడి, వీడ్కోలు చెప్పి, బయటి తలుపు వైపు నడుస్తుంది.

మొదటిసారి చదివినప్పుడు ఈ కథ గుండె పట్టేస్తుంది. ప్రకృతి సూత్రాలకు జాలి లేదు అన్నది దాని సారాంశంగా చాలామంది చెబుతారు. కానీ రెండవసారి చదవండి. ఆ నౌక తలుపుకు తాళం ఎందుకు లేదు? 'లోపలికి రాకూడదు' అన్న బోర్డు ఒక్కటే ఎందుకు ఉంది? బయలుదేరే ముందు లోపల ఎవరున్నారో ఎందుకు చూడలేదు? కొంచెం కూడా అదనపు ఇంధనం లేకుండా ప్రాణాలు కాపాడే నౌకను ఎవరు పంపారు? తరువాతి విమర్శకులు ఈ ప్రశ్నలే వేశారు. ఈ కథ చరిత్ర కూడా వారి వాదానికి బలం ఇస్తుంది. గాడ్విన్ అమ్మాయిని రక్షించే ఉపాయాలు రాసి పంపుతుంటే, సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ ఆమె చనిపోయి తీరాలని పలుసార్లు తిప్పి పంపాడు. అంటే 'మరో దారి లేదు' అన్నది ప్రకృతి చెప్పిన మాట కాదు, సంపాదకుడు కోరిన ముగింపు.

ఈ అంశం అనంతపురం పీఠభూమిలో ఉన్న మీకు వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. ఇక్కడ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలో మాత్రమే వాన పడుతుంది. అది ప్రకృతి ఇచ్చిన లెక్క, దానిని కాదనలేం. కానీ ఎవరి పొలంలో ఎన్ని బోర్లు, ట్యాంకరు ముందు ఏ వీధికి వస్తుంది, వేరుశనగ పోతే రైతుకు ఏమి మిగులుతుంది అన్నవి ప్రకృతి రాసిన లెక్కలు కావు. 1990లలో సత్యసాయి తాగునీటి పథకం ఉమ్మడి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు పైపుల ద్వారా నీరు చేర్చింది. అందుకోసం వాన పెరగలేదు, ఏర్పాటు మారింది. కరువు అనే ఒక్క మాటలో వాన లేమి, ఏర్పాటు లేమి రెండూ కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయడం పౌరుడికి ఎంత అవసరమో, కథలోని కొరతను విడదీయడం విమర్శకుడికి అంత అవసరం.

14.6 తెలుగు సినిమాలో చిన్న నౌక

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో వచ్చిన 'ఆదిత్య 369'లో వాహనం అంతరిక్ష నౌక కాదు, కాలయంత్రం. అయినా కొద్దిమంది మాత్రమే పట్టే చిన్న గది, ఒక చోటికి పోయి తిరిగి రావలసిన ప్రయాణం అన్న అర్థంలో అది నాడె జాతికే చెందుతుంది. నాయికా నాయకులు 1526లో శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళతారు. అక్కడి నుంచి తమ కాలానికి రావలసిన యంత్రం 2504కు చేరుతుంది. ఈ చిత్రం విజయంలో సగం ఆ తప్పిన తిరుగు ప్రయాణానిది. ప్రేక్షకుడికి రాయల కాలపు వైభవం ఒకవైపు, ఇల్లు చేరతారా అన్న బెంగ మరొకవైపు. యంత్రం ఎప్పుడూ చెప్పినట్టు వింటే ఆ బెంగ ఉండదు.

2018 డిసెంబరులో వచ్చిన 'అంతరిక్షం 9000 కెఎంపిహెచ్' చిత్రానికి సంకల్ప్ రెడ్డి దర్శకుడు. అంతకుముందు ఆయన 'ఘాజీ'లో జలాంతర్గామి అనే మూసిన వాహనంలో కథ నడిపారు. 'అంతరిక్షం'లో అదుపు తప్పిన మిహిర అనే ఉపగ్రహాన్ని సరిచేయడానికి బృందం బయలుదేరుతుంది. ఆ పనితో కథ ఆగదు. నాయకుడు తన పాత వైఫల్యాన్ని సరిదిద్దుకోవాలని మరో లక్ష్యం వైపు మళ్లుతాడు. తెలుగులో ఈ తరహా ప్రయత్నం చేసిన ధైర్యాన్ని మెచ్చుకోవాలి. కానీ విమర్శకుడిగా ఒక ప్రశ్న వేయండి: లెక్కపెట్టి ఇచ్చిన గాలిని, ఇంధనాన్ని ఒక మనిషి తన పట్టుదల కోసం ఖర్చు చేయాలనుకుంటే, పక్క సీటులో ఉన్నవారి మాటకు ఎంత విలువ ఉండాలి? ఈ కథ మొగ్గు నాయకుడి సాహసం వైపే ఉంది. అక్కడ చిన్న నౌక మళ్లీ పుష్పకం అయిపోతుంది. నాయకుడు సంకల్పిస్తే చాలు, లెక్క దారి ఇస్తుంది.

పుష్పకం ప్రభావం మన శాస్త్ర కల్పన మీద ఇంకా బలంగా ఉందని దీన్నిబట్టి చెప్పవచ్చు. ఇది పూర్తిగా లోపం అనుకోకండి. పుష్పకంలో ఒక నీతి ఉంది: ఎవరినీ వదిలి వెళ్లకూడదు. చిన్న నౌకలో ఒక నిజం ఉంది: చోటు కొద్దిగానే ఉంది. ఈ రెండింటినీ ఒకే కథలో నిలపగల రచయిత కోసం మనం ఎదురుచూడాలి.

14.7 'అక్వేరియస్' – నీతి, నిజం కలిసిన చోటు

అలా కలవడం సాధ్యమా? ఒకసారి వాస్తవంలోనే జరిగింది. 1970 ఏప్రిల్ 11న బయలుదేరిన అపోలో 13లో, రెండు రోజుల తరువాత ఆక్సిజన్ ట్యాంకు పేలింది. ముగ్గురు వ్యోమగాములు చంద్రుడి మీద దిగడానికి ఉద్దేశించిన 'అక్వేరియస్' అనే చిన్న నౌకలోకి మారారు. అది ఇద్దరికి, సుమారు రెండు రోజులకు సరిపడేలా చేసినది. అందులో ముగ్గురు దాదాపు నాలుగు రోజులు బతకాలి. గాడ్విన్ కథ తర్కం ప్రకారం మూడవ మనిషి బరువే.

వారు లెక్కను కాదనలేదు, కొత్తగా వేశారు. విద్యుత్తు తగ్గించి చలి భరించారు. నీటిని మామూలు వాడకంలో సుమారు అయిదో వంతుకు కుదించుకున్నారు. ముగ్గురు వదిలే బొగ్గుపులుసు వాయువు పెరిగిపోయింది. పెద్ద నౌకలోని శుద్ధి డబ్బాలు చతురస్రాకారంలో ఉన్నాయి, చిన్న నౌకలో అమర్చే చోటు గుండ్రంగా ఉంది. నేల మీది ఇంజనీర్లు ప్లాస్టిక్ సంచులు, అట్ట, గొట్టం, టేపు వంటి నౌకలోనే దొరికే వస్తువులతో ఒక అమరిక తయారుచేసి, ఎలా చేయాలో రేడియోలో చెప్పారు. ఏప్రిల్ 17న ముగ్గురూ సముద్రంలో క్షేమంగా దిగారు.

ఇక్కడ కొరత నిజమైనదే. కానీ ఆ కొరతను చూపి ఎవరినీ బయటకు నెట్టలేదు. డబ్బాల ఆకారం రెండు నౌకలలో వేరుగా ఉండడం మనుషుల ఏర్పాటులోని లోపం, దానిని మనుషులే సరిదిద్దారు. మాతృనౌక దెబ్బతిన్నా, నేల మీది మనుషులతో బంధం తెగలేదు.

14.8 సారాంశం

చిన్న నౌకకు తిరుగు ప్రయాణం, పరిమితి, ఆధారం అన్నవి మూడు లక్షణాలు. మన సంప్రదాయంలో పుష్పకం పరిమితి లేని వాహనం, జటాయువు విరిచిన రథం పరిమితి ఉన్నది. 'ది గెలీలియో సెవెన్' లెక్కనూ, నిర్ణయించే మనిషినీ మన ముందు పెడుతుంది. 'ది కోల్డ్ ఈక్వేషన్స్' మనుషుల ఏర్పాటును ప్రకృతి సూత్రంగా చూపుతుంది. తెలుగు సినిమా తిరుగు ప్రయాణపు బెంగను బాగా పట్టుకుంది, కాని బరువు లెక్కను నాయకుడి సాహసానికి వదిలేస్తోంది. ఇకపై ఏ కథలోనైనా 'ఇంకొకరికి చోటు లేదు' అన్న మాట వినిపిస్తే, అక్కడ ఆగి రెండు ప్రశ్నలు వేయండి: ఈ వాహనాన్ని ఇంత చిన్నదిగా చేసినది ఎవరు? ఈ మాట చెబుతున్నవాడు ఏ సీటులో కూర్చుని ఉన్నాడు?

14.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

I. కింది ప్రశ్నలకు అయిదేసి పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నాడెకూ, చిన్న నౌకకూ గల పోలికలు ఏమిటి?
2. గెలీలియో నమూనా ఆలస్యం కావడం కథ మీద ఎలాంటి ప్రభావం చూపింది?
3. అపోలో 13లో ఎదురైన కొరతలలో మనుషుల ఏర్పాటు వల్ల వచ్చినది ఏది?

II. కింది ప్రశ్నలకు ముప్ఫయి పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పుష్పకాన్నీ, రావణుడి రథాన్నీ కథా నిర్మాణ దృష్టితో పోల్చండి.
2. 'ది కోల్డ్ ఈక్వేషన్స్' మీద వచ్చిన అభ్యంతరాలను చర్చించి, మీ అభిప్రాయం చెప్పండి.

III. అభ్యాసం: మీ ఊరి బస్సు, ఆటో, నీటి ట్యాంకరులలో ఒకదానిని ఎన్నుకోండి. అందులో చోటు లేదా నీరు చాలని ఒక సందర్భాన్ని ఒక పుటలో రాయండి. ఆ కొరతలో ప్రకృతి వాటా ఎంత, మనుషుల ఏర్పాటు వాటా ఎంత అన్నది పాఠకుడికి తెలిసేలా రాయాలి. అధ్యయన కేంద్రంలో జరిగే సంపర్క తరగతికి దానిని తీసుకురండి.